స్తంభం వెనక సీటు

నాటకశాల మేనేజరమ్మకి లోకంలో ఇద్దరంటే అసలు పడేది కాదు. మొదటిరకం, స్టేజీ మీద కథ మంచి పట్టులో ఉన్నప్పుడు కాగితం పొట్లం గరగరలాడించేవాళ్లు. రెండోవాడు, ఆ హాలు కట్టినప్పుడు బాల్కనీకి ఆసరాగా కింద అంత లావు స్తంభం నిలబెట్టిన మేస్త్రీ. ఆ మహానుభావుడు ఎప్పుడో కాలం చేశాడు కాబట్టి బతికిపోయాడు గానీ, లేకపోతే ఆమె నోటికి దొరికేవాడే. ఎడమ గోడవైపు, ఆ స్తంభానికి సరిగ్గా వెనక ఒక సీటు పడింది. అందులో కూర్చుంటే స్టేజీ కనపడదు. మెడ ఎటు తిప్పినా స్తంభమే. దాన్ని సగం ధరకి అమ్మేవాళ్లు. మేనేజరమ్మకి ఆ సీటు కంట్లో నలుసు.

ఆమె ఆ హాల్లోనే పెరిగింది. వాళ్లమ్మ తెర వెనక విగ్గులు దువ్వే పని చేసేది. పిల్లకి నిద్రొస్తే ఒక అట్టపెట్టెలో, ఎవరెవరివో జడల మధ్య పడుకోబెట్టేది. అలా పెరిగి, టికెట్ల కిటికీలో కూర్చుని, చివరికి హాలు మొత్తం తన చేతికి తెచ్చుకుంది. అంతకాలం నాటకాల మధ్య ఉండి కూడా స్టేజీ మీద ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఎవరిని పొడుస్తున్నారో ఆమెకు అంతగా పట్టేది కాదు. ధ్యాసంతా ఇవతలి చీకట్లో కూర్చున్నవాళ్ల మీదే. ఎవరి మోకాళ్లు ముందు సీటుకి నొక్కుకుంటున్నాయి, ఎవరికి ముందు తాడిచెట్టంత మనిషి వచ్చి కూర్చున్నాడు, ఏ ఫ్యాను కిర్రుమంటోంది, ఇవే ఆమె నాటకం.

మూడో గంట కొట్టాక ఆమె ఒకసారి హాలంతా కలయజూసేది. ముందు వరసల్లో ఖాళీలు కనిపిస్తే ఇక కాలు నిలిచేది కాదు. వెనక మూలల్లో, గోడల పక్కన ఇరుక్కున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, "ముందుకి రండి, ముందుకి రండి, అక్కడ బ్రహ్మాండమైన సీటుంది" అని లేవదీసేది. వాళ్లు సిగ్గుపడుతూ, లోపల మురిసిపోతూ ఆమె వెంట నడిచేవాళ్లు. చవక టికెట్టు కొన్న మనిషి గొప్పవాళ్ల పక్కన కూర్చుని నోరు తెరుచుకుని చూస్తుంటే ఆమెకు కడుపు నిండిపోయేది. హాలు సిబ్బంది ఆమెకు చాటుగా పెట్టిన పేరు కూడా అదే. "ముందుకిరండి వస్తోందర్రా" అనుకుని టీ గ్లాసులు దాచేసేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వినపడనట్టే ఉండేది.

స్తంభం వెనక సీటుకి ఒక శాశ్వత యజమానురాలు ఉండేది. రిటైరైన టీచరుగారు. పిల్లలకి భూగోళం చెప్పేవారట. దీపాలు తగ్గాక ఆలస్యంగా వచ్చేవాళ్లకి టార్చి పట్టుకుని దారి చూపించే ముసలాయన, అందరూ టార్చి మావయ్య అనే ఆయన, ఆ సంగతి చెప్పాడు. ఆయన కూతురు ఆవిడ దగ్గరే చదివింది. కొత్త నాటకం వచ్చినప్పుడల్లా టీచరుగారు ఒక్కరే వచ్చేవారు. నలగని బట్టలు, భుజాన నల్ల సంచి. హాల్లో దీపాలన్నీ వెలుగుతుండగా అందరికంటే ముందొచ్చి కూర్చునేవారు. నాటకం అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, తీరిగ్గా లేచి, గుమ్మం ముందు ఆగి ఉన్న రిక్షా ఎక్కేవారు.

మేనేజరమ్మ ఆవిణ్ణి ముందుకి రమ్మని చాలాసార్లు పిలిచింది. పిలిచినప్పుడల్లా ఒకటే జవాబు.

"వద్దమ్మా. నాకిక్కడే బాగుంటుంది."

ఆ మాట అంటూ ఆవిడ పక్కనున్న స్తంభం మీద చెయ్యి వేసేవారు, తనవాళ్ల భుజం మీద వేసినట్టు. మేనేజరమ్మ అది చూసింది గానీ దాని గురించి ఆలోచించలేదు. పాపం, పెన్షను మీద బతికే మనిషి, చవక టికెట్టు కొని పెద్ద సీట్లో కూర్చోవడానికి మొహమాటపడుతోంది అనుకుంది. మొహమాటం ఉన్నవాళ్లని కాస్త బలవంతపెట్టాలి, లేకపోతే వాళ్లు జీవితంలో దేనికీ ముందుకి రారు అని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఒకరోజు సాయంత్రం ఊళ్లో ఎవరో పెద్దమనిషి రావాల్సి ఉండి రాలేదు. మొదటి వరసలో నట్టనడుమ సీటు ఖాళీ. మూడో గంట కొట్టేశారు, దీపాలు తగ్గుతున్నాయి. మేనేజరమ్మ గబగబా వెళ్లి స్తంభం వెనక వంగి, టీచరుగారి చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ మాత్రం మీరు కాదనకూడదు. ముందుకి రండి."

"వద్దమ్మా, నా మాట వినండి..."

"అయ్యో, అందరూ చూస్తున్నారు. నాటకం మొదలవుతోంది, లేవండి."

చుట్టుపక్కలవాళ్లు నిజంగానే చూస్తున్నారు. ఎవరో ఉష్ అన్నారు కూడా. నలుగురిలో రభస ఎందుకని కాబోలు, టీచరుగారు లేచారు. చీకట్లో ఆవిడ నడక ఎంత బిగుసుకుపోయిందో, పట్టుకున్న చెయ్యి ఎలా వణికిందో మేనేజరమ్మకి తెలిసింది. అది సంతోషమనుకుంది.

నాటకం అయిపోయింది. జనం వెళ్లిపోయారు. టీచరుగారు ఎప్పట్లాగే అందరూ వెళ్లేదాకా ఆగారు. తన సీటు దగ్గరైతే ఆవిడకి స్తంభం తెలుసు, స్తంభం నుంచి గోడ తెలుసు, గోడ పట్టుకుంటే తలుపు వస్తుందని తెలుసు. ఇక్కడ ఏ పక్క ఏముందో ఆవిడకి తెలియదు. పిలిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. లేచి, తలుపనుకున్న వైపు నడిచారు. స్టేజీకీ మొదటి వరసకీ మధ్య వాద్యాలవాళ్లు కూర్చోవడానికి మనిషి లోతున ఒక చోటుంది. హాల్లో అందరూ దాన్ని గొయ్యి అనేవాళ్లు. దాని అంచున మోకాలెత్తు చెక్క తప్ప ఏమీ ఉండేది కాదు.

చప్పుడు విని మేనేజరమ్మ పరుగెత్తింది. గోతిలో, విరిగిన కుర్చీ పక్కన, టీచరుగారు ఒక కాలు మడతపడి పడి ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మేనేజరమ్మ దిగి, ఆవిడ తల ఒళ్లో పెట్టుకుంటే, ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మాట ఇది.

"మా చెల్లికి చెప్పకండి."

చెప్పకుండా ఎలా ఉంటారు? తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది, దర్జీ పనిచేసే మనిషి, భుజం మీద కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఎముక చూసిన డాక్టరు కళ్లు కూడా చూశాడు. చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతూ వస్తోందని, పగటిపూట ఎదురుగా గొట్టంలోంచి చూసినంత మేర కనిపిస్తుందని, చీకటి పడితే ఏమీ లేదని చెప్పాడు. ఇది ఈ నాటిది కాదు, చాలా ఏళ్ల వ్యవహారమన్నాడు. చెల్లెలు అక్క మొహంలోకి చూసింది. అక్క గోడ వైపు తిరిగింది.

మేనేజరమ్మకి అప్పుడర్థమైంది. ఏమీ కనపడని మనిషికి ఏమీ కనపడని సీటు చాలు. అది హాలు మొత్తంలో ఆవిడ ఒంటరిగా వచ్చి, ఒంటరిగా వెళ్లగలిగిన ఒకే ఒక్క చోటు. దాన్నుంచి తను చెయ్యి పట్టుకుని లేవదీసింది.

ఎముక అతుక్కుంది. కానీ చెల్లెలు భయపడిపోయింది. ఇంటికి తీసుకెళ్లాక మొదట చేసిన పని, లోపలి గదిలో ఉండే కుట్టుమిషను తెచ్చి వీధి గుమ్మం పక్కన వేసుకోవడం. పొద్దస్తమానం అక్కడే కూర్చుని కుట్టేది. అక్క అడుగు గుమ్మం వైపు పడితే మిషను టక్కున ఆగేది. "ఏం కావాలక్కా?" అనేది. కసిరేది కాదు, అరిచేది కాదు, అంతే అడిగేది. అక్క వెనక్కి తిరిగి వెళ్లిపోయేవారు.

మేనేజరమ్మ చూడ్డానికి వెళ్తే చెల్లెలు గుమ్మంలోనే ఆపింది.

"మా అక్కని నేను కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటానమ్మా. మీరు చేసిన మేలు చాలు."

తెలిసి చేసిన తప్పయితే కాళ్లు పట్టుకోవచ్చు, తిట్టించుకోవచ్చు. మంచి చేస్తున్నానని పొంగిపోతూ చేసినదానికి ఎవరిని ఏమని అడగాలో ఆమెకు తోచలేదు. వెళ్లి గోతి చుట్టూ గట్టి కటకటాలు కట్టించింది. స్తంభం వెనక సీటు బోల్టులు ఊడదీయించి, స్టేజీ కింద సామాన్ల గదిలో పడేయించింది. ఇంకెవరూ ఆ దిక్కుమాలిన సీట్లో కూర్చోకూడదనుకుంది. నాటకశాల కమిటీవాళ్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమెకు ఒంటికి పట్టలేదు. ఆ మనిషి మళ్లీ ఇల్లు దాటి బయటికొస్తే తప్ప తనకి నిద్ర పట్టదని తెలిసిపోయింది.

దానికి దారేమిటా అని వెతుక్కుంటూ వెళ్తే, సైకిళ్ల షాపు మీద రెండు గదుల్లో చూపులేనివాళ్ల సంఘం ఒకటి నడుస్తోందని తెలిసింది. దానికి పెద్ద, కుర్రతనంలోనే రెండు కళ్లూ పోయిన ఒక రేడియోల మెకానిక్కు. అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఆయన ఆమె చెప్పినదంతా విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చివరికి అన్నాడు.

"అయితే ఆవిణ్ణి మా దగ్గరికి లాక్కొద్దామని వచ్చారు."

"లాక్కొద్దామని కాదండీ, తీసుకొద్దామని."

"రెండూ ఒకటే. చెయ్యి ఆవిడదీ, పట్టు మీదీ." ఆయన లేచి నిలబడ్డాడు. "మీ మోచెయ్యి ఇవ్వండి. ఇలా. ఇప్పుడు నేను పట్టుకున్నాను, మీరు కాదు. నాకు నచ్చకపోతే వదిలేస్తాను. తేడా తెలిసిందా? ముందు కొన్నాళ్లు ఇక్కడ కూర్చుని వినండి. ఆవిడ సంగతి తర్వాత."

సెలవు దొరికినప్పుడల్లా ఆమె ఆ మెట్లెక్కడం మొదలుపెట్టింది. మొదటి వారమే తన ప్రతాపం చూపించింది. నాటకాలవాళ్ల అలవాటు తెలుసు కదా, ఆట అయిపోతే స్టేజీ మీద వస్తువన్నది ఉంచరు, మర్నాటికి మళ్లీ కొత్తగా అమరుస్తారు. ఈవిడ కూడా సాయంత్రం గది ఊడ్చి, కుర్చీలు అందంగా అర్ధచంద్రాకారంలో వేసి, బల్ల కిటికీ దగ్గరికి జరిపి, చూసుకుని మురిసి వెళ్లింది. మర్నాడు వచ్చినవాడు వచ్చినట్టు కుర్చీలకి తగులుకున్నాడు. ఒకాయన నీళ్ల కుండ కోసం వెళ్లి బల్ల మీద పడ్డాడు. పెద్దాయన మోకాలు రుద్దుకుంటూ, "ఇవాళ ఏ నాటకమమ్మా?" అని అడిగాడు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆ గదిలో చీపురు కూడా తీసినచోటే పెట్టేది.

నాటకశాల ఉద్యోగం వదిలేసి సంఘంలో చేరతానన్న రోజు, బస్సు డ్రైవరైన వాళ్లాయన కలుపుతున్న అన్నం కంచం పక్కకి నెట్టాడు. "పాతికమంది నీ చేతికింద పనిచేసే ఉద్యోగం వదిలి సైకిళ్ల షాపు మీదికి ఎక్కుతావా? జనం నీకు పిచ్చెక్కిందంటారు" అన్నాడు. "అననీ" అందామె. "నేనూ అంటాను" అన్నాడు. అని, ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

ఆమె వచ్చి చేరాక సంఘం మెట్ల మీది నుంచి కిందికి దిగింది. మెట్లు లేని చోట ఇల్లు వెతికింది. కర్ర పట్టుకుని నడవడం నేర్పే మాస్టారుని కుదిర్చింది. కొత్తగా చూపు పోయినవాళ్ల ఇళ్లకి, అదే దారిలో ముందు నడిచినవాళ్లనే పంపే ఏర్పాటు చేసింది. ఇదంతా నాటకశాల నడిపిన చేతులకి కొత్త పనేం కాదు. కొత్తగా నేర్చుకున్నది నోరు మూసుకోవడం ఒక్కటే, దానికే ఎక్కువ కాలం పట్టింది.

పెద్దాయనకి ఒంట్లో ఓపిక తగ్గి, తన కుర్చీ ఆమెకివ్వాలన్నప్పుడు పెద్ద గొడవే అయింది. మగ్గం నేసే ఒకావిడ, పుట్టుకతోనే చూపు లేని మనిషి, సభలో లేచి మొహమ్మీదే అడిగింది.

"కళ్లున్న మనిషి మనకి పెద్దా? మనలో ఒక్కళ్లు లేరా?"

మేనేజరమ్మకి కోపం రాలేదు. నిజమే అనిపించింది. "ఆవిడ అన్నదే సబబు, నన్నొదిలేయండి" అంది. పెద్దాయన చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"ఈవిడ గొప్పదని నేననలేదు. మనలో ఒకరు సిద్ధమయ్యేదాకా తాళాలు ఈవిడ దగ్గరుంటాయి. ఒక మనిషిని మంచితనంతోటే గోతిలో పడేసింది ఈవిడ. అది మర్చిపోలేదు. మర్చిపోయిన రోజున మీరే దింపేద్దురుగాని."

నేత నేసే ఆవిడ, సరే, నేనే దింపుతాను అంది. అప్పట్నుంచీ తాళాలగుత్తిలో సగం ఆవిడ దగ్గరే ఉంచింది మేనేజరమ్మ. ఆ మరుసటి వానాకాలంలో పెద్దాయన పోయాడు. ఆమె వాళ్లమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఇన్నేళ్లలో ఎందరో గడప దాటారు. టీచరుగారు మాత్రం దాటలేదు. మేనేజరమ్మ ప్రతి వారం వెళ్లేది. మొదట్లో గుమ్మం, తర్వాత వరండా, కొన్నాళ్లకి చెల్లెలే విసుగెత్తి కుర్చీ చూపించింది. టీచరుగారు కిటికీ దగ్గర కూర్చుని ఉండేవారు. పగటి చూపు కూడా దాదాపు పోయింది. మేనేజరమ్మ సంఘం గురించి చెప్పేది, కర్ర గురించి చెప్పేది, మాస్టారుని ఇంటికే పంపిస్తానని బతిమాలేది. మిషను ఆగకుండా గడగడలాడేది.

"మీరు సంఘానికి పెద్దయ్యారట" అన్నారు ఒకసారి టీచరుగారు. "సంతోషం. ఇప్పుడు ఊరందర్నీ ముందు వరసలో కూర్చోబెడతారన్నమాట."

ఆ మాటకి మేనేజరమ్మ ప్రాణం చివుక్కుమంది. ఆ రోజు ఇంకేమీ బతిమాలలేదు. కాసేపు ఊరికే కూర్చుంది. పెద్దాయన మొదటిరోజు చెప్పింది ఇదే కదా, కూర్చుని వినమని. అందరి దగ్గరా చేసింది, ఈవిడ దగ్గర తప్ప. మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి టీచరుగారే నోరు విప్పారు.

"నా సీటు ఉందా?"

మేనేజరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"లేదండీ. మీరు పడ్డ వారమే పీకించేశాను. ఇంకెవరూ దాంట్లో కూర్చోకూడదని..."

టీచరుగారు కిటికీ వైపే ఉన్నారు. "నేను దాంట్లోంచి పడలేదమ్మా" అన్నారు నెమ్మదిగా. "నాకని ఈ ఊళ్లో ఒక చోటుండేది. అదీ పీకేశారన్నమాట."

మేనేజరమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు. ఆవిడ చోటు తను లాక్కుంది ఒక్కసారి కాదు, రెండుసార్లు. రెండుసార్లూ మంచే అనుకుని. ఆ సాయంత్రమే నాటకశాలకి వెళ్లింది. ఇప్పుడక్కడ కొత్త మేనేజరు, వినయం గల మనిషి, కానీ ఏమీ కనపడని సీటు మళ్లీ ఎందుకంటాడు. టార్చి మావయ్య ఆయన చెవిలో ఏదో చెప్పి, సామాన్ల గదిలోకి దిగి, పాత తెరల కిందనుంచి సీటు బయటికి లాగాడు. పట్టిన బూజు దులిపి, తుప్పు గీకి, పాత కన్నాల్లోనే బోల్టులు బిగించారు. ఆమె మర్నాడు వెళ్లి, "మీ సీటు మీ చోట ఉంది" అని ఒక్క మాట చెప్పి వచ్చేసింది. రమ్మనలేదు.

తర్వాతి వారం వెళ్లేసరికి టీచరుగారు, "ఆ కర్ర మాస్టారు పొద్దున పూట వస్తారా?" అని అడిగారు.

మిషను ఆగింది. చెల్లెలు లేచి వచ్చింది.

"మళ్లీ పడితే?" అంది మేనేజరమ్మతో. "పడదని చెప్పండి చూద్దాం. మీరు చెప్పండి."

"పడొచ్చు" అంది మేనేజరమ్మ. "పడరని నేను చెప్పలేను."

చెల్లెలికి ఏడుపొచ్చేసింది. "అక్క గోతిలో పడ్డప్పుడు నేను ఇంట్లో హాయిగా కుట్టుకుంటున్నానమ్మా. నాకా చప్పుడు వినపడలేదు. అందుకే అప్పట్నుంచి ప్రతి చప్పుడూ వింటూ కూర్చున్నా. నాకు మాత్రం సరదానా?"

అక్క చెయ్యి చాచారు. చెల్లెలు దగ్గరికి వెళ్లింది. "నీ తప్పేం లేదే పిచ్చిదానా. కానీ నేను గుమ్మం వైపు వచ్చినప్పుడల్లా నీ మిషను ఆగిపోతుంది. ఆ ఆగడానికే నా కాళ్లు ఆగిపోతున్నాయి. నువ్వు కుట్టుకో. నేను ఎటు వెళ్లినా కుడుతూనే ఉండు."

చెప్పినంత తేలికా అది? మాస్టారు వచ్చిన మొదటిరోజు, టీచరుగారు తెల్లకర్రతో గడప దాటి వీధిలో దిగుతుంటే, చెల్లెలు పళ్లు బిగించి మిషను తొక్కుతూనే ఉంది. తర్వాత చూసుకుంటే, ఎవరిదో చొక్కా చేతులు రెండూ ఒకదానికొకటి కలిపి కుట్టేసి ఉంది. అక్కచెల్లెళ్లిద్దరూ దాన్ని పట్టుకుని ఏడ్చినంత పనిచేసి నవ్వారు. వీధి చివరిదాకా, తర్వాత మలుపుదాకా, తర్వాత రోడ్డు దాటడం. మధ్యలో ఒకసారి పడ్డారు కూడా, మోకాలు గీసుకుపోయింది. చెల్లెలు మందు రాసింది. మర్నాడు కర్ర తనే అందించింది.

కొత్త నాటకం వచ్చింది. టీచరుగారు ఒక్కరే వస్తానన్నారు. చెల్లెలు ఇంట్లోనే ఉంటానని ఒట్టేసింది. మేనేజరమ్మ టికెట్ల హాల్లో ఒక మూల గోడకి ఆనుకుని నిలబడింది, చేతులు వెనక్కి కట్టుకుని. విడిచిపెడితే అవి ఏం చేస్తాయో ఆమెకే నమ్మకం లేదు. టార్చి మావయ్య లోపలి తలుపు దగ్గర ఉన్నాడు.

తెల్లకర్ర చప్పుడు వినిపించింది. టీచరుగారు మెట్లెక్కి లోపలికొచ్చారు. నలగని బట్టలు, భుజాన నల్ల సంచి. ఆవిడ వెనక కాస్త దూరంలో, ఒగురుస్తూ, ఒట్టు గట్టుమీద పెట్టి చెల్లెలు. భుజం మీద దారపు ముక్క అంటుకుని ఉంది.

ఆ టికెట్ల హాలు ఇప్పుడు టీచరుగారికి తెలిసిన హాలు కాదు. కొత్త మేనేజరు మధ్యలో ఒక గాజు బల్ల వేయించాడు. కర్ర దానికి తగిలింది. ఆవిడ దాని వెంట పక్కకి జరిగి, జరిగి, బాల్కనీ మెట్ల వైపు తిరిగిపోయారు. ఇంకో అడుగు వేస్తే మెట్ల కింద వాలుగా దిగిన చెక్క నుదుటికి తగులుతుంది. చెల్లెలు ముందుకి దూకబోయింది. మేనేజరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది, గట్టిగా. చెల్లెలు పెనుగులాడింది. మేనేజరమ్మకి కూడా ఒళ్లంతా అటే లాగుతోంది. గొంతు దాకా వచ్చిన మాటని పంటి కింద నొక్కిపెట్టింది. టార్చి మావయ్య అలవాటుకొద్దీ టార్చి ఎత్తాడు, ఏమనుకున్నాడో దించేశాడు.

టీచరుగారు ఆగారు. తల కాస్త వంచి నిలబడ్డారు. లోపల ఎవరో సీటు మడత విప్పితే టప్పుమని చప్పుడైంది, ఇంకెవరో విప్పితే ఇంకోటి. ఆవిడ నెమ్మదిగా చప్పుడు వైపు తిరిగారు. కర్ర చాచి గాజుబల్ల అంచు మళ్లీ పట్టుకున్నారు, దాన్ని దాటారు, తలుపు చేరారు. ఆ ముగ్గుర్లో ఎవరి పక్కగా నడిచి వెళ్లారో ఆవిడకి తెలియదు. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడింది.

మేనేజరమ్మ చప్పుడు కాకుండా లోపలికి వెళ్లింది. టీచరుగారు గోడ పట్టుకుని నడిచి, చెయ్యి చాచి స్తంభాన్ని అందుకున్నారు. అక్కడ కాసేపు అలాగే నిలబడిపోయారు, అరచెయ్యి దాని మీద ఆనించి. తర్వాత సీటు తడుముకుని కూర్చున్నారు. మూడో గంట కొట్టారు. ముందు వరసలో నడుమ ఒక సీటు ఖాళీగా ఉంది. మేనేజరమ్మ దాన్ని చూసింది. చూసి ఊరుకుంది.

"మేనేజరమ్మా" అన్నారు టీచరుగారు, తల తిప్పకుండా. "ఎంతసేపలా నా వెనక నుంచుని ఊపిరి బిగబడతారు? వదిలినప్పుడల్లా వినపడుతోంది."

మేనేజరమ్మ బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలేసింది.

"పక్కన కూర్చోండి. ఇక్కణ్ణుంచి ఏమీ కనపడదు, ముందే చెబుతున్నా."

టార్చి మావయ్య తన స్టూలు తెచ్చి స్తంభం వెనక, సీటు పక్కన వేశాడు. మేనేజరమ్మ కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ హాల్లో ఆ చోట ఎప్పుడూ కూర్చోలేదు. ఎదురుగా స్తంభం, అంతే. దీపాలు ఆరిపోయాయి. స్టేజీ మీద ఎవరో నడిచి వచ్చిన చప్పుడైంది.

"ఎవరొచ్చారు?" అని గుసగుసగా అడిగింది మేనేజరమ్మ.

"ఉష్" అన్నారు టీచరుగారు. "వినండి."